ధర తెలిసిన చెట్టు

 

పట్టభద్రులారా, స్నాతకోత్సవ ప్రసంగమంటే పట్టాకీ భోజనానికీ మధ్య అడ్డుపడే వ్యవహారమని నాకూ తెలుసు. అందుకని దేశం, ప్రపంచం, భవిష్యత్తు లాంటివి ఎత్తుకోను. తిరుపతిలో చదివినన్నాళ్ళూ మీరు హాస్టల్ కిటికీలోంచి చూసిన శేషాచలం కొండల గురించి మాట్లాడతాను.

ఎర్రచందనం ఎంత పలుకుతుందని అడిగితే మీలో చాలామంది ఏదో ఒక లెక్క చెబుతారు. పేపర్లో చదివి ఉంటారు, సినిమాలో చూసి ఉంటారు. అదే చెట్టును అడవిలో చూపిస్తే గుర్తుపట్టేవాళ్ళెందరు? చేతులెత్తమనను, నాకే మొహమాటంగా ఉంటుంది. బెరడు నల్లగా, మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. ఒక్కో కాడకు సాధారణంగా మూడు గుండ్రటి ఆకులు. ఎండలు ముదిరేవేళ పసుపు పూలు. కాయ చుట్టూ పలచటి రెక్క. గాటు పెడితే ఎర్రటి జిగురు కారుతుంది. మనుషులు వెంటపడే ఎర్రటి చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. ప్రపంచం మొత్తంలో ఇది సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. అందులోనూ ఎక్కువ మన రాయలసీమ, నెల్లూరు కొండల్లో.

మా ఇంట్లో తిరుపతి నుంచి తెచ్చిన ఎర్రచందనం బొమ్మ ఒకటి ఉండేది. ఎవరికి సెగ్గడ్డ లేచినా మా అవ్వ దాన్ని సానరాయి మీద అరగదీసి ఆ గంధం పట్టు వేసేది. మాకు ఊహ తెలిసేనాటికే ఆ బొమ్మకు ఒక కాలు అరిగిపోయింది. దాని ధరెంతో ఇంట్లో ఎవరూ అడిగిన గుర్తు లేదు.

ధర అడగడం మొదలయ్యాక ఏమైందో చూడండి. 2013 డిసెంబరులో ఇదే శేషాచలంలో దొంగరవాణా ముఠాల చేతిలో ఇద్దరు అటవీ అధికారులు చనిపోయారు. 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో ఇరవై మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. గొడ్డలి పట్టినవాడికి దక్కేది కూలి. దుంగ ఓడ ఎక్కాక లాభం ఎవరికి పోతుందో, ఆ మనిషి ఈ కొండ మొహమైనా చూసి ఉండడు. తుపాకుల కాపలాతోనే అడవి నిలుస్తుందని నేననుకోను.

అడవంటే ఎర్రచందనం గోడౌను కాదు. 1989లో ఇక్కడే శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఏర్పడింది. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. మన రాష్ట్రంలో అదే మొదటిది. విస్తీర్ణం సుమారు 4,755 చదరపు కిలోమీటర్లు. ఈ కొండల్లో పేరిత ఉంది, శాస్త్రజ్ఞులు సైకస్ బెడ్డోమీ అంటారు. పూల మొక్కలు పుట్టకముందే భూమి మీదికొచ్చిన వంశం దానిది. మందు పేరుతో దాని మగ శంకువులను కోసుకుపోతారు, ఇక విత్తనం ఎలా కడుతుంది? రాళ్ళ సందుల్లో బంగారు బల్లి ఉంది. రాత్రిపూట కొమ్మల మీద పెద్ద కళ్ళేసుకుని మెల్లగా నడిచే దేవాంగపిల్లి ఉంది. వీటికి మార్కెట్ లేకపోతే బతికిపోయినట్టే. ఉంటే వీటి గతీ ఎర్రచందనం గతే.

అసలు మార్కెట్‌కు ఎప్పటికీ కనబడని సరుకు ఇంకొకటి ఉంది. నేల మీద రాలిన ఎండుటాకు. కొండ మీద గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార, దిగువన 1977లో కట్టిన కల్యాణి డ్యాం, వీటన్నిటికీ నీళ్ళు వచ్చేది ఈ అడవి మీద పడే వాన నుంచే. చినుకు ముందు చెట్టు ఆకు మీద పడి జోరు తగ్గుతుంది. తర్వాత ఎండుటాకుల పరుపులోకి జారి, వేళ్ళ వెంట దిగి, బండల పగుళ్ళలో నిలవుండి, నెలల తరబడి ఊటగా బయటికొస్తుంది. మన కోనల్లో ఎండాకాలం దాకా నీటి చప్పుడు వినబడటానికి కారణం ఇదే. బోడికొండ మీదైతే అదే వాన గంటలో మట్టితో సహా కిందికి వచ్చేస్తుంది.

శివరాత్రి దాటితే గడ్డి ఎండిపోతుంది. అడవి అంటుకోవడానికి ఒక్క బీడీ చాలు. 2014 మార్చిలో అంటుకున్న మంటలు ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. చెట్లు చాలావరకు మళ్ళీ చిగురించాయని కొందరు సరిపెట్టుకున్నారు. కాలిపోయిన ఆకుల పరుపు సంగతి ఎవరూ అడగలేదు. నష్టం లెక్కల్లో దానికి కాలమ్ ఉండదు మరి.

అడవిని మరీ ముద్దు చేయడం కూడా నాకు నచ్చదు. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో ఒక చిన్నారి చిరుత వాత పడింది. ఆ తల్లిదండ్రుల ఎదుట నిలబడి అడవి అందం గురించి చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పగలిగింది ఒక్కటే. దారి పొడవునా మనం విసిరే తిండి కోసం కుక్కలు, పందులు, జింకలు చేరతాయి, వాటి వెనకే చిరుత వస్తుంది. అది మన ఇంటికి రాలేదు. మనమే దాని వాకిట్లో విస్తళ్ళు పరిచాం.

అయినా వెళ్ళమనే అంటాను. ఫాల్గుణ పౌర్ణమికి జరిగే తుంబురు తీర్థ ముక్కోటికి వెళ్ళండి, లేదా తలకోనకు వెళ్ళండి. రెండు గంటలు నడిస్తే, మన అవసరం ఎవరికీ లేని చోటికి వచ్చామని తెలుస్తుంది. ర్యాంకులు, ఇంటర్వ్యూలు, ఇంట్లో పెళ్ళిమాటలు, వీటి మధ్య నలిగే మీ వయసుకు అంత విశ్రాంతి మరెక్కడా దొరకదు. ఇది నా సొంత వైద్యం, మందుల చీటీ అడగకండి.

చివరిగా ఒక రోడ్డు సంగతి. 2021 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. అంత వానను ఏ అడవీ పూర్తిగా ఆపలేదు, నిజమే. డిసెంబరు 1న కొండ మీదికి వెళ్ళే రెండో ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడ్డాయి. ఆ తర్వాత, తాళ్ళపాక నుంచి అన్నమయ్య నడిచి వచ్చాడని చెప్పుకునే అడవి బాటను బండ్లు తిరిగే రోడ్డు చేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. నా అభిప్రాయం దాచను. కొండను తొలిచిన చోటే కొండ విరిగిపడుతుంటే, తొలచడానికి మరో చోటు వెతకడం తెలివైన పని కాదు. కాలిబాటను కాలిబాటగానే ఉంచాలి.

మీలో ఇంజనీర్లున్నారు, లాయర్లున్నారు, రేపు కలెక్టరాఫీసుల్లో కూర్చోబోయేవాళ్ళున్నారు. ఇలాంటి ఫైలు ఏదో ఒకరోజు మీ టేబుల్ మీదికి వస్తుంది. అందులో ఎన్ని చెట్లు కొట్టాలో ఉంటుంది, వాటి విలువెంతో రూపాయల్లో ఉంటుంది. సంతకం పెట్టేముందు దయచేసి ఆ చోటికి నడిచి వెళ్ళి చూసి రండి.