కథ పంపాక పొరపాటు కనబడితే

తెలుగులో రచయితకూ ప్రచురణకర్తకూ నడుమ సాహిత్య ఏజెంట్లు దాదాపు లేరు. నిజామాబాద్ ఖిల్లా జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన కవి దాశరథికి వాటిని పత్రికలకు పంపే బెడద లేదు. బోధన్ చెరకు రైతు మీద కథ రాసిన మీకు ఉంది. పంపేదీ మీరే, పొరబడేదీ మీరే.

మరిచిపోయి ఒకే కథ రెండు పత్రికలకు పంపారా? మరెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం మీద సంతకం చేసింది మీరే కదా! గుర్తొచ్చిన రోజే కథ పేరు, పంపిన తేదీ రాసి ఒక పత్రిక నుంచి దాన్ని వెనక్కి తీసుకోండి. సంజాయిషీ రెండు వాక్యాలు చాలు.

పాత ప్రతి వెళితే, సవరించినది ఒక్కసారే పంపండి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసినది అవతల గజిబిజిగా కనిపించవచ్చు. యూనికోడ్‌లో పంపి, పీడీఎఫ్ జతచేయండి. ఈ రాత్రే మీ కథలు ఎక్కడెక్కడికి వెళ్లాయో ఒక నోటుబుక్కులో రాసుకోండి.