అరుగు తీసేస్తే మిగిలిన కవిత

(విశ్వవిద్యాలయ విద్యార్థుల కవిత్వ చర్చలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నించీ మీ కవితలు వింటున్నాను. పదకొండు మంది చదివారు. అందులో నాలుగు కవితలు భావ ప్రకటనా స్వేచ్ఛ మీదే. ప్రతి కవిత అవగానే చప్పట్లు కొట్టాం, ‘బాగుంది’ అన్నాం, తర్వాతి పేరు పిలిచాం. మాట్లాడే హక్కు గురించి రాసినవాళ్ళతో మనం ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కవిత మీద అభిప్రాయం చెప్పడం, చెప్పించుకోవడం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. పద్ధతులు నాకు పెద్దగా తెలియవు. చేసిన తప్పులు తెలుసు.

ముందు ఒక పాత సంగతి. 1936లో లాహోర్‌లోని జాత్-పాత్-తోడక్ మండల్ తన వార్షిక మహాసభకు అధ్యక్షత వహించమని బాబాసాహెబ్‌ను పిలిచింది. ప్రసంగ పాఠం ముందుగా చూశాక వాళ్ళకు భయం పట్టుకుంది. కొన్ని భాగాలు తీసెయ్యమన్నారు. కామా కూడా మార్చనన్నారు ఆయన. సభ జరగలేదు. సొంత ఖర్చుతో 1500 ప్రతులు అచ్చు వేయించారు. అదే ‘కుల నిర్మూలన’. ఇంతవరకూ మనందరికీ తెలుసు, కామా దగ్గర చప్పట్లు కూడా కొడతాం. ఆ తర్వాత జరిగింది మాత్రం అంతగా చెప్పుకోం. మండల్‌తో నడిచిన ఉత్తరాలను ఆయన పుస్తకం మొదట్లోనే వేశారు. గాంధీ ‘హరిజన్’లో విమర్శ రాస్తే, 1937లో వచ్చిన రెండో ముద్రణలో ఆ విమర్శను కూడా చేర్చి, దానికి తన జవాబు జత చేశారు. కామా మార్చనన్న మనిషే తనను విమర్శించినవాళ్ళకు తన పుస్తకంలో చోటిచ్చారు. నాకు ఇందులో వైరుధ్యం కనిపించదు. మండల్ పెట్టింది షరతు, మారిస్తేనే వేదిక అని. గాంధీ రాసింది విమర్శ. దానికి జవాబు చెప్పొచ్చు, ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టి చదివేవాళ్ళకు వదిలెయ్యొచ్చు.

చిక్కేమిటంటే, మన దాకా వచ్చేసరికి షరతు షరతులా రాదు. సలహాలా వస్తుంది. ప్రేమగా కూడా వస్తుంది.

నేను ఎం.ఏ. చదివే రోజుల్లో మా నాయన మీద ఒక కవిత రాశాను. ఊరి పెద్ద అరుగు ముందు నుంచి నడవాల్సి వస్తే మా నాయన చెప్పులు చేతబట్టుకునేవాడు. పిలిస్తే తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని ‘అట్నే బాబూ’ అనేవాడు. ఏమడిగినా ఆ రెండు మాటలే. మా పల్లెలోకి వస్తే మాత్రం ఆ నోటికి ఎదురులేదు. మొగుడూ పెళ్ళాల తగాదా తీరాలన్నా, పెళ్ళి లాంఛనాలు తేలాలన్నా మా నాయన వచ్చి కూర్చోవాల్సిందే. ఒకే మనిషికి రెండు నోళ్ళు. ఆ రెండింటి మధ్య దూరం రెండు వందల గజాలు. నేను రాసింది అదే.

అప్పటికే పేరున్న ఒక కవికి చూపించాను. మంచివాడు, నా మీద నిజంగా అభిమానం ఉన్నవాడు. ‘ఇది ఒక కులం కవితగా మిగిలిపోకూడదోయ్’ అన్నాడు. అరుగు కొట్టేశాడు, తలగుడ్డ కొట్టేశాడు, ‘అట్నే బాబూ’ కొట్టేశాడు. వాటి చోట అణచివేత, గొంతుక, సంకెల వచ్చాయి. ఇప్పుడు విశ్వజనీనం అయింది అన్నాడు. న్యాయంగా చెప్పాలంటే, చివరి రెండు చరణాలు తీసెయ్యమన్నది మంచి సలహానే. అక్కడ నేను ఏడవడం తప్ప ఏమీ చెయ్యలేదు.

కవిత పత్రికలో పడింది. మా నాయనకు చదువు రాదు. ఇంటికి తీసుకెళ్ళి చదివి వినిపించాను. శ్రద్ధగా విని, ‘బాగుందిరా. ఎవురి గురించి?’ అన్నాడు.

నా కవిత్వానికి ఇన్నేళ్ళలో వచ్చిన అభిప్రాయాల్లో అంత సూటిదాన్ని నేను ఇంకోటి వినలేదు. ఆయన ఏమీ దిద్దలేదు. తనకు వినపడనిదేదో అడిగాడు, అంతే.

ఇప్పుడు దిద్దే కుర్చీలో నేనున్నాను. మూడేళ్ళ కిందట ఒక విద్యార్థిని కవిత తెచ్చింది. 19వ అధికరణం ఎదురుగా కూర్చున్నట్టు, దాన్ని నిలదీస్తున్నట్టు రాసింది. నేను ఎర్ర సిరాతో పక్కన రాశాను: ‘నీ అనుభవం ఏదమ్మా? నీ ఊరేది?’ నా దగ్గర తీసేసుకున్నదాన్ని ఆ అమ్మాయికి తిరిగి ఇస్తున్నాననుకున్నాను. మర్నాడు వచ్చి అడిగింది: ‘సార్, మన క్లాసులో ఇంకో ఇద్దరు కూడా రాజ్యాంగం మీద రాశారు. వాళ్ళ ఊరేదని మీరు అడగలేదు. నేను మాత్రం దెబ్బ చూపిస్తేగానీ కవిని కానా?’

నా దగ్గర జవాబు లేదు. ఒకాయన నన్ను అరుగు తీసెయ్యమన్నాడు, నేను ఈ అమ్మాయిని అరుగు తెమ్మంటున్నాను. తను ఏం రాయాలో మళ్ళీ ఇంకొకరే తేలుస్తున్నారు.

అందుకని ఈసారి కాగితం మీద ఉన్నదాని గురించే మాట్లాడాను. కవితలో కోపమంతా ప్రభుత్వం మీద, పోలీసుల మీద. సరే, 19 ప్రధానంగా రాజ్యానికి గీసిన గీతే. కానీ పక్కనున్న మనిషి నోరు మూయిస్తే? దుకాణం, హోటలు, బావి గురించి చెప్పే 15(2), అంటరానితనాన్ని రద్దు చేసిన 17 ప్రభుత్వాన్నే కాదు, ఆ మనిషినీ కట్టేస్తాయి. ‘19ని ఇంతగా నిలదీసిన కవితలో 17 ఎందుకు లేదు?’ అని అడిగాను. ఆలోచిస్తానంది.

ఆ వారం అందరం కూర్చున్నప్పుడు ఒక జూనియర్ కుర్రాడు నాకు తట్టనిది పట్టుకున్నాడు. ఆ కవిత చివరి వాక్యం మాటకు హద్దే ఉండకూడదంటుంది. ‘అక్కా, నలుగురిలో కులం పేరు పెట్టి తిట్టేవాడికి కూడా హద్దు వద్దా? 1989 చట్టం తీసేద్దామా?’ అన్నాడు. గది నిశ్శబ్దమైపోయింది. నేను మధ్యలో దూరి 1951 నాటి మొదటి సవరణ మీద ఉపన్యాసం మొదలుపెట్టాను. 19(2)లో ఆంక్షల ముందు ‘సహేతుకమైన’ అనే విశేషణం అప్పుడే చేరిందనీ, న్యాయశాఖ మంత్రిగా అంబేడ్కర్ ఆ సవరణను పార్లమెంటులో సమర్థించారనీ, కవిత్వంలో విశేషణాలు కొట్టెయ్యమంటాం గానీ ఆ ఒక్క విశేషణాన్ని పట్టుకునే కోర్టులు ఆంక్షను తూచగలుగుతున్నాయనీ. సమాచారం మంచిదే. ఆ నిమిషంలో ఎవరికీ అక్కర్లేదు.

ఆ అమ్మాయి నా వైపు చూడనే లేదు. ‘తిట్టేవాడు మాట్లాడట్లేదు తమ్ముడూ, కొడుతున్నాడు’ అంది.

‘అయితే ఆ మాట కవితలో లేదక్కా’ అన్నాడు వాడు.

కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయింది. రెండు వారాలు మా సమావేశాలకు రాలేదు. ఆ రెండు వారాలూ నేను ఆ కుర్రాణ్ణి మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. దళిత విద్యార్థిని రాసిన మొదటి కవితను ఇంత గట్టిగా అడగాలా, మెచ్చుకుని వదిలేస్తే పోయేది కదా అని. అలా వదిలేయడం కూడా చిన్నచూపేనని నాకు తట్టడానికి టైం పట్టింది. వాడు ఆ కవితను వాదంగా తీసుకున్నాడు. నేను దాన్ని గాయంగానే చూశాను.

మూడో వారం వచ్చింది. చివరి వాక్యం మార్చలేదు. దానికి ముందు కొత్తగా పద్నాలుగు పంక్తులు వచ్చాయి, మాటకూ దెబ్బకూ తేడా తేలుస్తూ. ఆ తర్వాత అదే చివరి వాక్యం చదివితే ఇంకోలా వినపడింది. 17వ అధికరణం మాత్రం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. చెప్పాను కూడా. ‘అది మీరు రాయండి సార్’ అంది.

భోజనాల తర్వాత మళ్ళీ కూర్చుంటాం. ఆ నాలుగు కవితలూ ఇంకోసారి చదివిద్దాం, ఈసారి చప్పట్లు లేకుండా. బాగుందో లేదో తర్వాత చెబుదురు గానీ, ముందు మీకు ఏం వినపడిందో చెప్పండి. రాసినవాళ్ళు వెంటనే సమర్థించుకోవద్దు, వెంటనే ఒప్పుకోవద్దు కూడా. మార్చనని చెప్పడానికి కారణం చూపించక్కర్లేదు.

మా నాయన పోయి ఆరేళ్ళయింది. పోయిన నెల ఆ పాత కవితలో అరుగు, తలగుడ్డ తిరిగి పెట్టాను. ఏడుపు చరణాలు పెట్టలేదు. ‘అట్నే బాబూ’ ఒక్కసారి రావాలా, మూడుసార్లు రావాలా అన్నది తేలడం లేదు. జిరాక్స్ కాపీలు వెనక బెంచీ మీద ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. పెన్సిల్‌తో వద్దు, పెన్నుతోనే రాయండి.