పొలిమేర పచ్చదనము



1908లో మూసీ వరద హైదరాబాదును ముంచినది. ఆ పిమ్మట 1920లో గండిపేట ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ నిర్మింపబడినవి. వానికి నీరందించు 84 గ్రామముల నేలను 1996లో 111వ ప్రభుత్వ ఉత్తర్వు కాపాడినది. 2022లో ఆ ఆంక్షలు సడలింపబడినవి. ఆజ్ఞ సడలవచ్చును, ధర్మము సడలదు.

నగరమునుండి చిలుకూరు బాలాజీ దర్శనమునకు మనము ఆ పొలముల నడుమనే పోవుచున్నాము. కోరిక తీరినదని స్వామికి 108 ప్రదక్షిణలు చేసి, తిరుగు త్రోవలో వాగు పూడ్చి వేసిన స్థలమునకు బయానా ఇచ్చినచో పుణ్యమెక్కడిది?

ఒక్క వృక్షము పదిమంది పుత్రులతో సమానమని మత్స్యపురాణము చెప్పుచున్నది. కావున నేలను కొనుటకు ముందు, అమ్ముటకు ముందు, దానిపై కురిసిన వాన ఏ చెరువునకు చేరునో విచారింతము. ఆ దారిని విడిచిపెట్టుటయు స్వామిసేవయే.

స్వస్తి.