పారబోసిన నీళ్లు
(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: 2 సమూయేలు 23:13-17)



గత మాసములో మా పెద్దన్న ప్రభువు సన్నిధికి వెళ్లిపోయాడు. పదిహేడు సంవత్సరాలు సైన్యములో పనిచేసి, 1999లో కార్గిల్ యుద్ధములో ఉండి, 2005లో ఆర్మూరుకు తిరిగి వచ్చిన మనిషి. ఆ తరువాత ఎకరంన్నర పసుపు చేనే ఆయన లోకము. పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తీసుకొనిపోవడం. ఆదివారము అందరికంటె ముందు మందిరానికి వచ్చి, చాపలు పరచి, చివరి వరుసలో కూర్చునేవాడు. యుద్ధం గురించి ఒక్క మాట చెప్పేవాడు కాదు.

ఒక సంవత్సరము జూలై 26న, కార్గిల్ విజయ దినమున, సంఘము ఎదుట ఆయనను సన్మానించాలని శాలువా తెచ్చాను. "వద్దు తమ్మీ" అన్నాడు. నేను పట్టుబట్టాను. ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. పదిమందిలో నా మాట తీసేశాడని నాకు కోపము. పసుపు తవ్వే కాలం వచ్చేదాకా సరిగ్గా మాట్లాడలేదు. దైవసేవకుడనైయుండి అలా చేశానని మీయెదుట ఒప్పుకుంటున్నాను.

పసుపు ఉడికే రాత్రి, పొయ్యి దగ్గర ఆయనే నోరు విప్పాడు. ఆ యుద్ధములో మన సైనికులు 527 మంది ప్రాణాలు అర్పించారు. మన హైదరాబాదు మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న నేలకొరిగారు. మరణానంతరము ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. అన్న అన్నాడు: "నా పక్కన పన్నోడు గూడ మల్ల రాలే. ఆ శాలువ వాళ్లది తమ్మీ. నేనెట్ల కప్పుకుంట?"

శ్రోతలారా, అదుల్లాము గుహలో దావీదు దప్పిగొన్నాడు. ముగ్గురు బలాఢ్యులు ఫిలిష్తీయుల దండులోనికి చొచ్చుకొనిపోయి బేత్లెహేము బావి నీళ్లు తెచ్చారు. దావీదు త్రాగలేదు. ప్రాణాలకు తెగించినవారి రక్తముగా వాటిని ఎంచి, యెహోవా సన్నిధిని పారబోశాడు. సెమినరీలో ఆ భాగము చదివాను, ఎన్నోసార్లు ప్రసంగించాను. అర్థము మాత్రం ఆ పొయ్యి దగ్గర తెలిసింది. నేను గర్వమనుకున్న మా అన్న మౌనము, దేవుని యెదుట పారబోసిన నీళ్లు.

చేతులు పట్టుకొని క్షమించమన్నాను. ఆయన ఏమీ అనలేదు. పొయ్యిలోకి ఇంకో కట్టె తోసి, నన్ను ప్రక్కన కూర్చోమన్నాడు.

మీ ఇంట్లో, మీ సంఘములో అలాంటివారున్నారా? వారిని వేదిక మీదికి లాగకండి, వారి ప్రక్కన కూర్చోండి. పసుపు నేల లోపలే ఊరుతుంది. పైన ఆకు ఎండిన తరువాతే తవ్వి చూస్తాము. మనిషి విషయములో అంతవరకు ఆగకండి.

ప్రార్థన చేసుకుందాము. తండ్రీ, మౌనముగా నమ్మకముగా జీవించిన నీ బిడ్డలకై స్తోత్రములు. వారు బ్రతికియుండగానే వారిని గుర్తించే కన్నులు మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.