పాత కంప్యూటరు – కొద్ది సొమ్ము
(తాల్‌బగీచాలో తెలుగు ఉద్యోగుల కుటుంబ సమ్మేళనమున చేసిన ప్రసంగము)



సాహిత్యమును గూర్చియో సంగీతమును గూర్చియో మాటలాడవలసిన వేదికపై కంప్యూటరు మరమ్మతు ప్రసంగమేమని మీకు తోచవచ్చును. నేను బి.ఏ. చదివినవాడను, దస్త్రములతో పొద్దుపుచ్చువాడను, ఇంజనీరును గాను. అయినను జీతపు రాళ్లతో సంసారము నీడ్చుకొనువారికి ఇది ఇంటి విషయమే. కనుక నేను విని నేర్చినదియు, పొరపడి నేర్చినదియు మీ యెదుట నుంచుచున్నాను.

ఈ ఊరివారికి పాత యంత్రమును బాగుచేసికొను విద్య క్రొత్తది గాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండియు ఖరగ్‌పూర్ కర్మశాలలో రైలు పెట్టెలను విప్పి, అరిగిన భాగమును మార్చి, మరల పట్టాల కెక్కించుచునే యున్నారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చిన మన పెద్దలు పెక్కుమంది ఆ చేతిపనితోనే ఇచ్చట సంసారములు నిలబెట్టిరి. బండి కదలలేదని యెవరును ముందుగా ఇంజను మార్చరు. ఎచ్చట పట్టుకొన్నదో చూతురు. కంప్యూటరునకును అదియే న్యాయము.

మా యింటి కంప్యూటరు 2011లో కొన్నది. మా అమ్మాయి కళాశాలలో చేరిన యేడు అది మొరాయించెను. పాఠము వినుచుండగా మాట ముందునకు పోవును, బొమ్మ వెనుక నిలిచిపోవును. ఆ యేడే మా తల్లిగారికి కంటి శస్త్రచికిత్స జరిగినందున క్రొత్తదాని మాట యెత్తుటకు వీలు లేకపోయెను. పిల్ల ఒక్క మాటయు అనలేదు. సాయంకాలము పుస్తకములు తీసికొని స్నేహితురాలి యింటికి పోవ నారంభించెను. ఆ మౌనమే నన్ను ఈ పనికి దింపినది.

నాకు తెలిసిన పోలికతో చెప్పెదను. పెండ్లివంటలో వంటవాడు ప్రాసెసరు. ముందున్న గట్టు మెమరీ. సామానుల కొట్టు డిస్కు. వంటవా డెంత చేయితిరిగిన వాడైనను, గట్టు ఇరుకై, పప్పునకు ఉప్పునకు కొట్టునకు పరుగిడవలసి వచ్చినచో, బంతి ఆలస్యమగును. వంటవానిని మార్చిన లాభమేమి? కావున ముందు లోపమెచ్చటనో చూడవలెను. విండోస్‌లో టాస్క్ మేనేజరు తెరచినచో ఈ మూటిలో ఏది యెంత శాతము శ్రమపడుచున్నదో అదియే చూపును. మా దానిలో 4 గిగాబైట్ల మెమరీ నిండియుండెను. డిస్కు నూటికి నూరు శాతము పనిచేయుచుండెను. తిరుగుడు డిస్కు ఒక్క ముక్కను వెదకి పట్టుటకు సుమారు 10 మిల్లీసెకండ్లు పట్టును, ఎస్.ఎస్.డి.కి అందు నూరవ వంతు చాలును. కావున తొలి సొమ్ము ఎస్.ఎస్.డి.కిని, మెమరీని 8 గిగాబైట్లు చేయుటకును వెచ్చించితిని. సగము రోగము కుదిరినది.

వీడియో పాఠమున మాత్రము ప్రాసెసరు నూరు శాతమునకు ఎక్కుచునే యుండెను. ఇప్పుడు వంటవానిని మార్చుట న్యాయము.

ప్రాసెసరు కూర్చుండు గూటిని సాకెట్టందురు. మాది ఎల్.జి.ఎ. 1155. 2013లో వచ్చిన తరువాతి తరమునకు 1150. అంకెలో తేడా అయిదే యైనను ఒకదానిలో నొకటి కూర్చుండదు. అందుండిన ఐ3-2100లో రెండే కోరులు. అదే గూటిలో కూర్చుండునట్టి 2012 నాటి ఐ5-3470లో నాలుగు కోరులు గలవు. విద్యుత్ పరిమితి 65 వాట్లనుండి 77 వాట్లకే పెరుగును గాన పాత పవరు సప్లయి చాలినది. ఇట్టి వాడిన సరకు కలకత్తా చాందినీ చౌక్ వంటి బజారులలో దొరకును. హామీ యుండదు గనుక ఎదుట పెట్టించి చూచియే కొనవలెను.

ఇక నా పొరపాటు వినుడు. క్రొత్తదానిని తెచ్చి, పాతదానిని తీసి, గూటిలో నుంచి మీట నొక్కితిని. పంక తిరిగినది, తెర నల్లగానే యుండెను. సొమ్ము నేలపాలైనదని రాత్రి నిద్ర పట్టలేదు. తీరా కారణ మేమనగా, మదర్‌బోర్డులోని బయాస్ అను ఆదేశముల కూర్పు 2011 నాటిది. మరుసటి యేట పుట్టిన ప్రాసెసరును అది యెరుగదు. పాత ప్రాసెసరు ఉండగానే బయాస్‌ను నవీకరించి, పిదప మార్చవలెను. నేను వరుస తప్పితిని. పాతదానిని మరల కూర్చి ఆ పని ముగించితిని. అది జరుగుచుండగా విద్యుత్తు పోయినచో బోర్డే చెడవచ్చును. కాలబైశాఖి గాలివానలు వచ్చు సాయంకాలములలో దాని జోలికి పోవలదు, పొరుగువారి యూ.పి.ఎస్. నడిగి తెచ్చుకొనుడు. ఈ సాకెట్టులో సన్నని ముండ్లు బోర్డుమీద నుండును. ఒకటి వంగినను నష్టమే. పాత వేడిముద్దను తుడిచి, బఠాణీగింజంత క్రొత్తది పెట్టుడు. ఎక్కువ పెట్టిన ఎక్కువ చల్లబడునను భ్రమ వలదు.

రెండవమారు తెర వెలిగినది. ఆ రాత్రి పాఠము ఆగలేదు. అమ్మాయి ఇంటనే కూర్చుండి వ్రాసికొన్నది.

అయితే ఇది సర్వరోగ నివారిణి గాదు. నేటి ల్యాప్‌టాపులలో ప్రాసెసరు చాలవరకు బోర్డునకే అతికింపబడి యుండును, మార్చుటకు వీలుపడదు. విండోస్ 10కు ఉచిత రక్షణ 2025 అక్టోబరు 14తో సాధారణముగా ముగిసినది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదవ తరమునకు ముందున్నవానిని సాధారణముగా అంగీకరింపదు. మా ఐ5 మూడవ తరముది. కనుక లినక్సు వేసికొంటిమి. అందును తెలుగు వ్రాసికొనవచ్చును. 2017 నాటి ఎ.ఎం.డి. ఎ.ఎం.4 బోర్డులున్నవారు అదృష్టవంతులు. బోర్డు తయారీదారు బయాస్ ఇచ్చినచో 2020 నాటి రైజెన్ 5000 వరుస ప్రాసెసర్లు పెక్కింటిని వానిలో నుంచవచ్చును. మొత్తము ఖర్చు క్రొత్తదాని వెలలో మూడవ వంతు దాటునట్లు తోచినచో మాత్రము ఆగుడు. అచ్చట పొదుపు దుబారా యగును.

పొదుపనగా కొనకుండుట గాదు. ఏది కొనవలెనో తెలిసి కొనుట. మన యిండ్లలో అటకనెక్కిన కంప్యూటరులు ఎన్నియో యుండును. వానిని పారవేయుటకు ముందు ఒకమారు క్రిందికి దింపి, ఎచ్చట పట్టుకొన్నదో చూడుడు. ఏ యింటి పిల్లయు ఒక పాఠము కొరకు పొరుగింటి గడప త్రొక్కకుండునుగాక.