పల్లేరు: దాని రూపము, వ్యాప్తి, నివారణ

(జైనూరులో రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ రోజు నేను పత్తిని గురించి గాని, కందిని గురించి గాని మాట్లాడుటకు రాలేదు. మీరు ఈ సభకు నడచి వచ్చిన బాటలోనే, మీ పాదాల క్రిందనే ఉన్న ఒక చిన్న మొక్కను గురించి చెప్పదలచినాను. అది పల్లేరు. మహారాష్ట్ర మనకు దగ్గర గనుక మీలో కొందరు దీనిని గోఖరు అనియు, సరాటా అనియు కూడ అందురు. దీని పేరు చెప్పగానే అందరికిని ముల్లే గుర్తుకు వచ్చును. పువ్వు ఏ రంగో చెప్పుమన్నచో చాలమంది ఒక నిమిషము ఆలోచింతురు. మనము పల్లేరును వదిలించుకొనలేక పోవుటకు కారణము ఇదియే. ముల్లు గుచ్చుకొన్న నాడు తిట్టుచున్నాము. పువ్వు పూసిన నాడు చూడకుండ పోవుచున్నాము. కాని దానిని తీయవలసిన దినము పువ్వు పూసిన దినమే.

మొక్క రూపము

నా చేతిలోని మొక్కను చూడండి. నడుమ ఒకే ఒక తల్లివేరు ఉన్నది. అది నిలువుగా లోతునకు దిగును. వేరు మొదటినుండి కొమ్మలు నాలుగు వైపులకు నేలమీద చాపవలె పరచుకొనును. ఒక్కొక్క కొమ్మ మూరెడు మొదలు రెండు మూడు మూరల వరకు సాగును. ఆకులు చింతాకును పోలి చిన్న చిన్న రెమ్మలుగా ఉండును. కణుపు వద్ద ఎదురెదురుగా రెండు ఆకులుండును. వాటిలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆకు అడుగున పట్టువంటి సన్నని నూగు కనిపించును.

పువ్వు ఆకు మొదట ఒంటరిగా పూయును. ఐదు పసుపు రేకులు, పది కేసరములు. ఉదయము విచ్చి, ఎండ ముదిరిన తరువాత వాడిపోవును. తేనెటీగలు, చీమలు వచ్చిన మంచిదే. రాకున్నను తన పుప్పొడితో తానే కాయ కట్టగలదు. అందుచేత పూసిన పువ్వు వృథాగా పోవుట అరుదు.

కాయ పండి ఎండిన తరువాత ఐదు ముక్కలుగా విడిపోవును. ఒక్కొక్క ముక్కకు రెండు పెద్ద ముండ్లు, రెండు చిన్న ముండ్లు ఉండును. ముక్క ఎట్లు పడినను ఒక ముల్లు పైకి నిలిచియే ఉండును. పూర్వము గ్రీకులు శత్రువుల గుర్రముల కాళ్ళకు అడ్డముగా ఇటువంటి ఇనుప ముండ్లనే చల్లెడివారు. ఆ ముల్లు పేరునే 1753లో లిన్నేయస్ అను స్వీడన్ దేశపు వృక్ష శాస్త్రజ్ఞుడు ఈ మొక్కకు శాస్త్రీయ నామముగా నిలిపినాడు. ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్ అనగా నేలమీది ముల్లు అని చెప్పుకొనవచ్చును.

ఎక్కడినుండి ఎక్కడికి

పల్లేరు మనకు పరాయిది కాదు. మధ్యధరా సముద్ర తీరములు, ఆఫ్రికా, ఆసియాలోని వెచ్చని ప్రాంతములు దీని పాత నివాసములు. అచ్చటినుండి అమెరికా, ఆస్ట్రేలియా ఖండములకు పశువులతోను, ఉన్నితోను, సరకులతోను పోయినది. ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభములో కాలిఫోర్నియాలో రైలు పట్టాల కంకరలో మొలచి, కొద్ది కాలములోనే బాటల వెంట ప్రాకినది. సైకిలు టైర్లను పొడుచుట వలన అచ్చటివారు దీనికి పంక్చరు తీగ అని పేరు పెట్టినారు. దీనిని అణచుటకు 1961లో ఇటలీనుండి రెండు రకముల ముక్కుపురుగులను తెప్పించి విడిచినారు. ఒకటి కాయలోని గింజను, రెండవది కొమ్మను తొలుచును. కొన్ని చోట్ల మంచి ఫలితము కనిపించినది. అయినను మొక్క పూర్తిగా పోలేదు.

ఇక మన జైనూరు సంగతి. 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలోను, తరువాత కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోను ఉన్న ఈ మండలములో రేగడి ఉన్నది, చెల్క ఉన్నది, రాతి గుట్టలున్నవి. పల్లేరు వీటిలో దేనిని కాదనదు. అయితే దానికి నీడ గిట్టదు. పత్తి గుబురుగా పెరిగి సాళ్ళు మూసుకొన్న చోట అది బ్రతుకలేదు. బండ్ల బాట, గెట్టు, కల్లము, పశువుల కొట్టము ముంగిలి, బడి ఆవరణ, అంగడి జరుగు మైదానము, అనగా త్రొక్కుడుపడి ఇతర గడ్డి లేచి రాని బట్టనేలయే దానికి ఇష్టము. పాడుపడిన ఇంటిని పల్లేరు మొలచిన ఇల్లు అనుట ఇందువలననే.

దీని కాయకు రెక్కలు లేవు, దూది లేదు. గాలికి ఎగిరిపోజాలదు. మరి పొలమునుండి పొలమునకు ఎట్లు పోవుచున్నది? మన చెప్పు అడుగున, ఎద్దు గిట్టలో, మేక బొచ్చులో, ట్రాక్టరు టైరులో, పత్తి బోరెములకు అంటుకొని పోవుచున్నది. మనమే దానిని మోసికొని పోయి నాటుచున్నాము. కావున మనము జాగ్రత్తపడినచో దాని ప్రయాణము చాలవరకు ఆగును.

కలుగు నష్టము

పత్తిని మనము చేతితో ఏరుదుము. ఏరువారిలో ఎక్కువమంది స్త్రీలు. నేలరాలిన పత్తిలో పల్లేరు ముక్కలు చిక్కుకొని వ్రేళ్ళను పొడుచును. ఎడ్ల గిట్టల నడుమ దిగిన ముల్లు చీము పట్టి, పనిరోజులలో ఎద్దును కుంటి చేయును. పుష్యమాసములో నాగోబా పూజకై మెస్రం వంశమువారు గోదావరి జలము తెచ్చుటకు చెప్పులు లేకుండ నడచిపోవుట మీ అందరికి తెలిసినదే. సరిగా ఆ దినములలోనే పల్లేరు కాయ ఎండి బాటలలో రాలియుండును. ముల్లు లోతుగా దిగినచో గాయమును సబ్బుతో కడిగి, ధనుర్వాతపు సూదిమందు కొరకు ఆరోగ్య కేంద్రమునకు పోవలెను.

గొర్రెల విషయములో మరొక ప్రమాదమున్నది. పచ్చి పల్లేరు తప్ప వేరు మేత లేని బీడులో గొర్రెలు దానినే ఎక్కువగా మేసినచో కాలేయము దెబ్బతిని, ఎండ పడని జబ్బు రావచ్చును. దక్షిణాఫ్రికాలో ఈ జబ్బుతో గొర్రెలు మందలు మందలుగా నష్టమైనవి. చెవులు, రెప్పలు, మూతి వాచుట, కండ్లు పచ్చబడుట, నీడకు పరుగెత్తుట దీని గుర్తులు. అట్టి గొర్రెలను వెంటనే ఆ బీడునుండి తప్పించి, నీడలో కట్టి, పశు వైద్యుని పిలువవలెను.

రెండు పల్లేరులు

పల్లేరు కాయ మూలికగా కూడ పేరు పొందినది. ఆయుర్వేదములోని దశమూలములలో గోక్షురము ఒకటి. వర్తకులు ఎండు కాయలను కొందురు. అమ్మదలచినవారు ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. ఏనుగు పల్లేరు అను మరొక మొక్క ఉన్నది. దాని పువ్వు కూడ పసుపే. అయితే అది నువ్వుల కుటుంబమునకు చెందినది. దాని మొక్క కొంత నిటారుగా, దళసరిగా పెరుగును. ఆకు చింతాకువలె చీలి ఉండదు, ఒకే బిళ్ళగా ఉండును. పువ్వు గరాటువలె ఉండును. కాయ నాలుగు పలకలు గలిగి, ఐదు ముక్కలుగా విడిపోదు. పచ్చి కొమ్మను నీటిలో త్రిప్పినచో నీరు జిగటగా మారును. ఈ రెండింటిని కలిపి అమ్మినచో సరకు ధర పోవును, వాడువారికి మోసము జరుగును. కండబలము పెంచునని పల్లేరు పొడిని డబ్బాలలో అమ్ముచున్నారు. మనుషులపై చేసిన పరీక్షలలో ఆ మాట రుజువు కాలేదు. ఏ జబ్బుకైనను వైద్యుని అడుగక సొంతముగా మ్రింగరాదు.

చేయవలసిన పని

పల్లేరు తొలకరికి మొలచి, మూడు నాలుగు వారాలకే పూయును. ఐదారు వారాలకు కాయ తయారగును. ఈ నడుమనున్న రెండు వారములే మన చేతిలోని గడువు. పసుపు పువ్వు కనిపించిన వెంటనే కుర్పితో వేరు మెడకు కొంచెము దిగువన తెగగొట్టినచో మొక్క మరల చిగురించదు. పొలములో గుంటుక తోలినప్పుడు సాళ్ళలోనివి పోవును గాని గెట్టుమీదివి మిగిలిపోవును. కావున గెట్టు, బాట, కల్లము వేరుగా చూచుకొనవలెను.

కాయ పడిన మొక్కను పీకి గెట్టుమీద విసరరాదు. పెంట కుప్పలో వేసినచో ఎరువుతో పాటు పొలమంతట చల్లినట్లగును. సంచిలో నింపి, ఎండబెట్టి, పంటకు, గడ్డివాములకు దూరముగా కాల్చవలెను. రాలిన కాయల మీద తడిపిన పాత గోనెను ఈడ్చినచో చాలవరకు దానికి అంటుకొని వచ్చును. కాయలను లోతుగా దున్ని పాతిపెట్టుట మేలని కొందరు తలంతురు. అది పొరపాటు. ఒక్కొక్క కాయముక్కలో రెండు మొదలు నాలుగు గింజలుండును. వాటిలో పెద్దది ముందు మొలచును. తక్కినవి వచ్చు ఏండ్ల కొరకు నిద్రించును. లోతున పడినవి ఏండ్ల తరబడి చావక, తిరిగి దున్నినప్పుడు పైకి వచ్చి మొలచును.

అందువలన ఒక్క ఏడు తీసి ఊరకుండిన లాభము లేదు. వరుసగా నాలుగైదు వానకాలములు పువ్వులోనే తీయవలెను. ఒక్కరు తీసి ప్రక్కవారు వదలినను ఫలితముండదు, ఎందుకనగా బాట అందరిది. తొలకరి పడిన నెల తరువాత ఊరివారంతా ఒక ఉదయము కలసి బాటలు, కల్లములు, బడి ఆవరణ చూచుకొన్నచో మందు ఖర్చు లేకుండ పని జరుగును. ఉదయమే ఎందుకనగా, పువ్వు విచ్చియుండి దూరమునుండియే మొక్క కనిపించును.

రేపు మీరు ఇంటికి పోవు బాటలో ఒక్కసారి తల వంచి చూడండి. పసుపు పువ్వు కనిపించినచో అక్కడనే ఆగండి. ఆ క్షణములో తీసిన ఒక్క మొక్క, వచ్చు పత్తి ఏరుడులో ఎన్ని వ్రేళ్ళను కాపాడునో మీరే లెక్క వేసికొనండి.