కోళ్లయందలి హానికర సూక్ష్మజీవులు
(రైతుల సభయందలి ఉపన్యాసము)



తెగులు తగిలిన కోడి రెక్కలు వ్రేలవేసి, మేత మాని, మూల నొదిగి కూర్చుండును. అట్టిదానిని తెలిసి యెవ్వరును కొనరు. కాని మనుష్యులకు మిక్కిలి కీడు చేయు సూక్ష్మజీవులు కోడికి సామాన్యముగా ఏ బాధయు కలిగింపక దాని ప్రేగులలో నివసించుచుండును. ఆ కోడి చక్కగా మేయును, గుడ్లు పెట్టును, సంతలో మంచి వెల పలుకును. కేవలము చూపుతో దానిని గుర్తించుట పశువైద్యునకైనను సాధ్యము కాదు.

వీనిలో ముఖ్యమైనవి సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనునవి. మొదటిదానిని 1885వ సంవత్సరమున అమెరికాలో కనుగొన్నవాడు థియోబాల్డ్ స్మిత్. పేరు మాత్రము అతని పై యధికారియగు డేనియల్ సాల్మన్‌ది నిలిచినది. కష్టమొకరిది, కీర్తి యొకరిది యగుట శాస్త్రజ్ఞులలోను కలదు. కోళ్లను చంపు “కోళ్ల టైఫాయిడు” మనుష్యులకు సాధారణముగా అంటదు. మనుష్యుల టైఫాయిడు కోళ్లవలన రాదు. ఈ రెంటిని కలిపి భయపడ నవసరము లేదు.

సాల్మొనెల్లా సోకిన ఆహారము తిన్న 6 గంటలు మొదలు 3 దినములలోపల జ్వరము, కడుపునొప్పి, విరేచనములు కలుగును. కాంపైలోబాక్టర్ వలన 2 మొదలు 5 దినములకు కలుగును. అరుదుగా పిమ్మట కాళ్లు చేతులు చచ్చుబడు వ్యాధియు వచ్చును. దృఢకాయులు సాధారణముగా వారములో కోలుకొందురు. పసిబిడ్డలకు, వృద్ధులకు, గర్భిణులకు ప్రాణభయము కలదు. ఇన్ని దినములు గడచుటచేత జనులు నిన్నటి భోజనమును నిందింతురేగాని కోడిని తలపరు.

ఇంగ్లండులో 1988 డిసెంబరున ఎడ్వీనా కరీ యను ఉపమంత్రిణి దేశమందలి గుడ్లలో అధికభాగమునకు ఈ దోషము కలదని పలుకగా గుడ్ల బేరము ఒక్కసారిగా పడిపోయెను. ఆమె పదవి వదలుకొనెను. ఆమె మాట అతిశయోక్తియే. కాని పెంకు ఏర్పడుటకు పూర్వమే సూక్ష్మజీవి గుడ్డులో ప్రవేశింపగలదనుట సత్యము. 1998 మొదలు అచ్చటి రైతులు పెట్టలకు టీకాలు వేయించిరి. రోగము తగ్గెను. 2017లో ఆ సింహముద్ర గల గుడ్లను పూర్తిగా ఉడుకకున్నను గర్భిణులు సయితము తినవచ్చునని ప్రభుత్వశాఖ ప్రకటించెను. ఆ మాట ముద్రలేని మన గుడ్లకు వర్తింపదు. వీనిని తెల్లసొన, పచ్చసొన గట్టిపడువరకు ఉడికింపవలెను.

మాంసమునకు ఉప్పు, పసుపు పట్టించిన సూక్ష్మజీవులు చచ్చునని గృహిణుల నమ్మకము. అది పొరపాటు. లోపలి భాగము 74 డిగ్రీల సెంటిగ్రేడు వేడి పొందినగాని నిశ్చింత లేదు. మన పులుసులు బాగుగా మరగును గనుక కూరలో భయము స్వల్పము. కత్తిపీట మరగదు గదా! కోడిని కోసిన కత్తిపీటతోనే ఉల్లిపాయలు తరిగి పెరుగుపచ్చడిలో కలుపుటవలననే అనర్థము. దానిని, చేతులను సబ్బుతో తోమి కడుగవలెను. పచ్చిమాంసమును కడుగకుండుటయే మేలు. ఈ మాట మన యిండ్లలో వినువారు అరుదు గనుక, ధారక్రింద తుంపరలు చిందింపక గిన్నెలో మెల్లగా కడుగుదురుగాక.

రెట్ట అంటిన గుడ్లను చన్నీట ముంచరాదు. చల్లదనమునకు లోపలి పదార్థము ముడుచుకొని పెంకు రంధ్రములగుండ మురికిని పీల్చును. పొడిగుడ్డతో తుడిచిన చాలును. గూటిలో ఊక తడిసిన తీసివేయవలెను. ఎలుకలు ఈ సూక్ష్మజీవిని ఒక గూటినుండి వేరొక గూటికి మోయును గనుక మేతబస్తాలను నేలపై నుంచరాదు.

మేతలో మందులు కలుపుటచేత మందుకు లొంగని సూక్ష్మజీవులు పుట్టుచున్నవి. ఇందుచేతనే భారత ప్రభుత్వము 2019లో ఆహారపు జంతువులకు కొలిస్టిన్ మందును నిషేధించెను. వైద్యుడిచ్చిన మందైనను, సీసాపై వ్రాసిన గడువు దినములు తీరువరకు ఆ కోడిని, దాని గుడ్లను సంతకు పంపరాదు.